నేను మార్చిన ఒక్క జవాబు

బొల్లారంలోని ఒక మందుల కంపెనీలో ఇరవై తొమ్మిదేళ్ళు స్టోర్స్ కిటికీ వెనక కూర్చున్నాను. గ్లవుజులు, గాస్కెట్లు, వాల్వులు ఇవ్వడం, సంతకం తీసుకోవడం నా పని. అయినా ఈనాటికీ పటాన్‌చెరు బస్టాండులో పాత కార్మికుడెవరైనా ఎదురైతే గ్లవుజుల సంగతి ఎత్తడు. "ఏం మాస్టర్, ఇప్పుడు ఏ సినిమాకు మాట చెప్తున్నవ్?" అని అడుగుతాడు. ఆ మాట చెప్పే పనిలోనే నేను ఒక తప్పు చేశాను. ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మీలాంటివాళ్ళు నా దగ్గరికి అప్పుడప్పుడు వచ్చి అనుభవాలు చెప్పమంటారు. వాల్వుల గురించి మీకు నాకంటే ఎక్కువే తెలుసు. అందుకని ఇది రాస్తున్నాను.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. నాకు ఇంగ్లీషు నేర్పింది సంగారెడ్డి గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన ఒక నిఘంటువు. అందులో 'ఎస్' అక్షరం దగ్గర ఇరవై పేజీలదాకా లేవు. ఆ అక్షరంతో మొదలయ్యే మాటల్లో నేను ఇప్పటికీ కొంచెం వెనకే. ఆదివారాలు గ్రంథాలయం తలుపు తీసేవేళకు మెట్ల మీద ఉండేవాణ్ణి. దేశాల చరిత్రలు, యాత్రలు, పాత వారపత్రికలు, ఏది దొరికితే అది చదివాను. కంపెనీలో నన్ను మాస్టర్ అనడం మొదట వెక్కిరింపు. తర్వాత అదే నా పేరైంది. మా కంపెనీలో ఎవరికీ అసలు పేరు ఉండేది కాదు. పనివల్లనో ఊరివల్లనో ఒక పేరు తగులుకునేది, రిటైరయ్యేదాకా అదే.

కార్మికుల క్లబ్బు గదిలో కంపెనీవాళ్ళు ఒక కలర్ టీవీ, డిస్కులు వేసే పెట్టె పెట్టించారు. శనివారం మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగినవాళ్ళు, అయిదింటి బస్సు దాకా అక్కడ సినిమా చూసేవాళ్ళు. తెలుగువీ హిందీవీ ఎన్నిసార్లని చూస్తారు. నేను ఎక్కడెక్కడివో పరాయిదేశాల సినిమాలు తెచ్చేవాణ్ణి. వాటికి అడుగున ఇంగ్లీషు అక్షరాలు పడేవి. మావాళ్ళు అవి చదవలేరు. కాబట్టి నేను టీవీ పక్కన మైకు పట్టుకుని నిలబడి, ప్రతి మాటా తెలుగులో చెప్పేవాణ్ణి. దానికి నాకు నేనే పెట్టుకున్న నియమం ఒకటుంది: తెర మీద మనిషి నోరు మూసుకున్నాకే నేను నోరు తెరవాలి, వాడు అన్నదే అనాలి.

"మాస్టర్, ఇందాక ఆల్లిద్దరు గంత సేపు ముద్దు పెట్టుకుంటె నువ్వు ఒక్క మాట చెప్పకపోతివి" అని బాయిలర్ దగ్గర పనిచేసే కుర్రాడొకడు అనేవాడు.

"గది గుడ సమజ్ కాకుంటె నువ్వు ఇంటికి పో" అని వెనక బెంచీ జవాబిచ్చేది.

ముందు బెంచీ మీద ఎప్పుడూ ఇద్దరు పక్కపక్కన కూర్చునేవాళ్ళు. ఒకరు కంపెనీ బస్సు తోలే డ్రైవర్ అన్న. మా అందరికన్నా పెద్దవాడు, తక్కువ మాటల మనిషి. రెండో ఆయన డ్రమ్ములు కడిగే సెక్షన్‌లో పనిచేసేవాడు. ఊరు రుద్రారం కాబట్టి మాకు ఆయన పేరు రుద్రారం. బస్సులో కూడా డ్రైవరు వెనకే ఉన్న సీటు రుద్రారానిది. ఇంకెవరైనా కూర్చోబోతే డ్రైవర్ అన్న అద్దంలో చూసి, "గది ఆయినది, లే" అనేవాడు.

రుద్రారం కథ కంపెనీలో అందరికీ తెలుసు. దాన్ని ఆయనే చెప్పుకునేవాడు, ఇంకెవరో చాటుగా చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా. ఎమర్జెన్సీ రోజుల్లో ఆయనకు పందొమ్మిదేళ్ళు, పెళ్ళి కాలేదు. ఒక సర్కారు ఆఫీసు బండి వచ్చి సంగారెడ్డిలో కూలీల అడ్డా మీద నిలబడ్డ ఎనిమిది మందిని ఎక్కించుకుంది. కాల్వ పని అన్నారు. తీసుకుపోయింది ఆపరేషన్ల క్యాంపుకు. బయటికి వచ్చేసరికి ఆయనకు ఇక పిల్లలు పుట్టరు. పెళ్ళయ్యాక చాలా ఏళ్ళు ఊరంతా భార్యను గొడ్రాలన్నది. ఒకనాడు అన్నదమ్ములందరినీ కూర్చోబెట్టి, లోపం తనదని ఆయనే చెప్పేశాడు.

ఆ బండి తోలింది మా డ్రైవర్ అన్న. అప్పుడు ఆయన ఆ ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగి. ఇదీ దాచిన సంగతి కాదు. పైగా రుద్రారమే ఆయన తరఫున మాట్లాడేవాడు.

"బండెక్కుకుంట నేనే అడిగిన, అన్నా ఏడికి తోల్కపోతున్నవే అని. నాకేం తెల్వది తమ్మీ, తోలుమన్నరు తోలుతున్న అన్నడు. ఎరుకుంటె చెప్పకపోవునా? తోలెటోనికి ఏం తెలుస్తది" అనేవాడు.

ఆ మాట వింటున్నప్పుడు డ్రైవర్ అన్న ఎప్పుడూ నేల చూపులు చూసేవాడు. మొహమాటమనుకున్నాను. ఒకరోజు ఇస్నాపూర్ దగ్గర బస్సు చెడిపోయింది. మెకానిక్ కోసం ఎదురుచూస్తూ మేమిద్దరమే రోడ్డు పక్కన కూర్చున్నాం. ఆయన ఉన్నట్టుండి అడిగాడు.

"మాస్టర్, నువ్వు గిన్ని బుక్కులు సదువుతవు గద. అబద్ధం చెప్పి బండెక్కించుకున్నోనికి ఏం శిక్ష రాసిండ్రు గండ్ల?"

నేను ఆయన వైపు తిరిగాను.

"నాకు ఎరుకనే. పొద్దుగాలనే చెప్పిండ్రు నాకు, ఎనిమిది మందిని తే, పెండ్లయిందా లేదా అడగకు అని. ఆ పిలగాడు అడిగితె తెల్వది అన్న. గట్ల అంటె జెర అల్కగ, బరువు దిగినట్టు అనిపించింది నాకు."

"మరి ఆయినకు చెప్పరాదె అన్నా?"

"రోజు అద్దంల చూస్త. రోజు అనుకుంట. నోట్లెకెల్లి రాదు. నువ్వు ఎవ్వలికి చెప్పకు" అన్నాడు. చెప్పనని మాట ఇచ్చాను. ఆరేళ్ళు నిలబెట్టుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా ప్రాంతంలోని ఒక పంటల పరిశోధన సంస్థలో పనిచేయడానికి ఫిలిప్పీన్స్ నుంచి ఒకామె వచ్చింది. తెలుగు అక్షరాలు నేర్చుకునే పుస్తకం కోసం గ్రంథాలయానికి వస్తే, ఇంగ్లీషు మాట్లాడే బాధ్యత నా మీద పడింది. ఆమె ఇంద్రేశంలో తెలిసినవాళ్ళింటికి వెళ్ళడానికి ఆటోవాళ్ళను దారి అడిగితే, ఆమె ఉచ్చారణ అర్థంకాక అందరూ ఒకే జవాబు ఇచ్చేవాళ్ళట. కాబట్టి ఆమె మొట్టమొదట నేర్చుకున్న తెలుగు మాట 'తెల్వది'. నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఆ మాటే తర్వాత నన్ను పట్టిస్తుందని అప్పుడు అనుకోలేదు.

ఆ దేశాన్ని ఒక నియంత చాలా ఏళ్ళు ఏలాడనీ, జనం వీధుల్లోకి వస్తే పారిపోయాడనీ నేను పాత వారపత్రికల్లో చదివి ఉన్నాను. ఆ సంగతి ఎత్తేసరికి ఆమె ముఖం మారింది. మరుసటి ఆదివారం ఒక డిస్కు తెచ్చి ఇచ్చింది. అది పెద్ద కంపెనీలు తీసిన సినిమా కాదు. కొందరు స్నేహితులు కిరాయి కెమెరాతో తమ ఇళ్ళలోనే తీసుకున్నది. ఆమె తమ్ముడు అందులో నటుల తలల మీద మైకు పట్టుకున్నాడట. మైకు పట్టేవాడి అక్క కాబట్టి ఆమె నాకు మరింత దగ్గరగా అనిపించింది. మా శనివారం సినిమాల గురించి చెబితే, "మీవాళ్ళతో కలిసి చూస్తాను" అంది.

ఆ వారం డిస్కును ఇంట్లో రెండుసార్లు వేసి, నిఘంటువు పక్కన పెట్టుకుని మాటలన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. కథ ఇది. నియంత పోయి ఏళ్ళయింది. ఒక పేట. అక్కడ బట్టలుతికే కొట్టు నడుపుకునే ఒక అమ్మాయి. ఆమె తండ్రి నియంత కాలంలో సైన్యం జీపు తోలినవాడు, ఇప్పుడు ముసలివాడు, మంచివాడని పేరు. ఒక పొద్దున వాళ్ళ గుమ్మం ముందు ఎవరిదో ఒంటి చెప్పు ఉంటుంది. మర్నాడు ఇంకొకటి, వేరే కొలతది. రోజుకొకటి. అమ్మాయి భయపడి కాపు కాస్తుంది, మనుషుల వెంట పడుతుంది, ఎవరో తన వెంట పడుతున్నారనీ అనుకుంటుంది. అవి జీపులో ఎక్కించుకుపోయిన మనుషుల కాళ్ళ నుంచి జారినవని చివరికి తెలుస్తుంది. రోజూ జీపు కడిగిన తల్లి వాటిని బియ్యం సంచిలో దాచింది. ఇప్పుడు ఒక్కొక్కటిగా గుమ్మంలో పెడుతున్నదీ ఆమే. అప్పుడు కూతురు తండ్రిని అడుగుతుంది: "వాళ్ళను ఎక్కడికి తీసుకుపోతున్నావో నీకు తెలుసా?" ముసలాయన చాలాసేపు ఊరుకుని రెండు మాటలంటాడు. "ఆలం కో." అంటే, నాకు తెలుసు.

నోటుబుక్కులో ఆ జవాబు రాసుకుని కలం పక్కన పెట్టేశాను. ముందు బెంచీ కళ్ళ ముందు కదిలింది. డిస్కు పాడైందని చెప్పి ఇంకేదైనా వేయవచ్చు. డ్రైవర్ అన్నకు ముందుగా ఒక మాట చెప్పవచ్చు. రెండూ చేయలేదు. ఎందుకో దాచను. ఈ జిల్లాలో ఎవరూ చూడని సినిమాను, పరదేశపు ఆమె ఎదుట, పదో తరగతి తప్పిన నేను ధారాళంగా చెప్పబోతున్నాననే గర్వం. ఆ గర్వం వారమంతా నన్ను నడిపించింది.

శనివారం గది నిండింది. ఆమె తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. సినిమా మొదలైన పావుగంటకే గుసగుసలు ఆగిపోయాయి. మూడో చెప్పు కనబడేసరికి బాయిలర్ కుర్రాడు, "గీసారి ఎవలిదే" అని గొణిగితే పక్కవాడు వాడి నోరు మూశాడు. జీపు తోలినవాడి కథ అని తెలిసినప్పటి నుంచి డ్రైవర్ అన్న ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకుని కూర్చున్నాడు. నేను తెరను చూస్తూ చెబుతున్నాను, మధ్య మధ్య ఆయనను చూస్తున్నాను.

కూతురు అడిగింది. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టే చెప్పాను. ముసలాయన ఊరుకున్నాడు. ఆయన మౌనం ఎంతసేపో నాకు తెలుసు, ఇంట్లో లెక్కపెట్టుకున్నాను. ఆ మౌనంలో డ్రైవర్ అన్న తల ఎత్తి నన్ను చూశాడు. తెరను కాదు, నన్ను.

"ఆలం కో" అంది తెర.

"నాకేం తెల్వది బిడ్డా" అన్నాను మైకులో.

గదిలో ఊపిరి వదిలిన చప్పుడు. ఎవరో "పాపం" అన్నారు. రుద్రారం పక్కకు తిరిగి, డ్రైవర్ అన్న మోకాలి మీద చెయ్యి వేశాడు. "చూసినవా అన్నా, నేను అననే అంటి. ఏ దేశంల గాని, తోలెటోనికి ఏం ఎరుక" అన్నాడు. డ్రైవర్ అన్న ఆ చేతి వైపు చూస్తూ ఉండిపోయాడు.

అబద్ధం ఒక్క చోట పెడితే ఆగదు. ఆ జవాబు వినగానే సినిమాలో తల్లి గొడుగు తీసుకుని ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది.

"తెల్వదన్నడు గద మాస్టర్, గామె ఎందుకు పోతుంది?" అని వెనక నుంచి అడిగారు. కోపం అన్నాను. తర్వాత ముసలాయన చెప్పుల సంచి భుజాన వేసుకుని, పేటలో మొదటి ఇంటి తలుపు తడతాడు. తలుపు తెరుచుకుంటుంది. అక్కడితో సినిమా అయిపోతుంది. "తెల్వనోడు గవన్ని మోసుకొని ఎందుకు తిరుగుతుండు?" అన్నారు. జాలి అన్నాను. మంచి కథ నా నోట్లో పిచ్చి కథ అయిపోయింది. జనం లేచి, "ఏం సినిమానో ఏమో" అనుకుంటూ బస్సు వైపు నడిచారు.

ఆమె తలుపు దగ్గర నన్ను ఆపింది. ఇంగ్లీషులో, నెమ్మదిగా అడిగింది. "అతను ఆలం కో అన్నాడు. మీరు తెల్వది అన్నారు. అది నాకు తెలిసిన మాట. ఎందుకలా?" పొరపాటన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆ ఒక్క మాట కోసమే వాళ్ళు ఆ సినిమా తీశారు" అంది. డ్రైవర్ అన్న రెండడుగుల దూరంలో తాళంచెవులు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ ఆమె నోట 'తెల్వది' అనే మాటా, ఆ తల ఊపడమూ చాలు.

మా బస్సులోనే వచ్చిన ఆమె పటాన్‌చెరులో దిగిపోయింది. బస్సు హైవే ఎక్కింది. ఇస్నాపూర్ దాటాక, ఎదురుగా రోడ్డునే చూస్తూ, డ్రైవర్ అన్న గట్టిగా అడిగాడు.

"మాస్టర్. గా ముసలాయిన అసలు ఏమన్నడు?"

బస్సులో ఇరవై మందికి పైగా ఉన్నాం. ఆయన వెనక సీట్లో రుద్రారం కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"పోనియ్ అన్నా, సినిమానే గద" అన్నాను.

"ఏమన్నడో చెప్పు."

"తెలుసు అన్నడు" అన్నాను.

ఆయన తల ఊపాడు. రుద్రారం ఊరి దగ్గర బస్సు ఆపి, ఇంజన్ కూడా ఆపాడు. అన్నేళ్ళలో దారి మధ్యలో ఆయన బస్సు దిగడం మేము చూడలేదు. రుద్రారం దిగుతుంటే వెనకే దిగాడు. "తమ్మీ, జెర ఆగు" అన్నది మాకు వినబడింది. ఇద్దరూ రోడ్డు పక్క కంచె దాకా నడిచి నిలబడ్డారు. మేమంతా బస్సులోనే ఉన్నాం. మామూలుగా అయితే రెండు నిమిషాలు ఆలస్యమైనా "జల్దీ పోనియ్" అని అరిచేవాళ్ళు, ఆ రోజు కిటికీల దగ్గరికి జరిగారు. డ్రైవర్ అన్న మాట్లాడుతున్నాడు. రుద్రారం వింటున్నాడు. తర్వాత రుద్రారం తువ్వాల తీసి ముఖం తుడుచుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఊరి దారిలో వెళ్ళిపోయాడు. డ్రైవర్ అన్న వచ్చి బస్సు తోలాడు. సంగారెడ్డిలో దిగేటప్పుడు, "అయిపోయింది మాస్టర్" అన్నాడు. తేలికపడ్డట్టు లేడు. అలసిపోయినట్టున్నాడు.

సోమవారం పొద్దున రుద్రారం బస్సెక్కి, ఆ సీటు దాటి, చివరి వరసలో కూర్చున్నాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు, డ్రైవర్ అన్న రిటైరయ్యేదాకా, అక్కడే కూర్చున్నాడు. దిగేటప్పుడు "పోతున్న అన్నా" అనడం మాత్రం మానలేదు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ లేదు. ముందు సీటు ఖాళీగా ఉండేది. ఎవరూ కూర్చోవద్దని అనలేదు, ఎవరూ కూర్చోలేదు. చెప్పేస్తే అంతా కడుక్కుపోతుందని పుస్తకాల్లో చదివి నమ్మినవాణ్ణి నేను. ఆ ఖాళీ సీటును నాలుగేళ్ళు చూశాక, చెప్పడం ఎందుకో వేరే కారణం వెతుక్కున్నాను. అడిగినవాడికి జవాబు రావాలి. వచ్చిన జవాబుతో ఏం చేసుకుంటాడో అది అతని ఇష్టం. అంతే.

కానీ నేను రాయవలసింది ఆ సోమవారం మధ్యాహ్నం సంగతి. రుద్రారం గ్లవుజుల కోసం స్టోర్స్ కిటికీ దగ్గరికి వచ్చాడు. జత తీసి ఇచ్చాను. తీసుకున్నాడు, కదల్లేదు.

"మాస్టర్, నీకు ఎప్పటిసంది ఎరుక?"

తెల్వది అనే మాట నాలిక చివరికి వచ్చింది. డ్రైవర్ అన్న చెప్పింది నిజమే, ఆ మాట ఎంతో తేలికగా ఉంటుంది.

"ఆరేండ్ల సంది" అన్నాను. "అన్నను ఏం చేస్తవో, అన్న ఏమైతడో అని భయపడ్డ. అందుకే మొన్న మాట మార్చిన."

రుద్రారం ఒక గ్లవుజు తొడుక్కుని వేళ్ళు ముడిచి, తెరిచి చూసుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే నాకు బాగుండేది.

"గా మాట మార్చేముందు నువ్వు అన్న మొకం చూసినవు. నేను చూసిన నిన్ను. గదే బెంచి మీద, పక్కకే నేను కూసున్న. నా మొకం చూడకపోతివి."

రిజిస్టరు తన వైపు తిప్పుకుని, సంతకం పెట్టి, డ్రమ్ముల వైపు వెళ్ళిపోయాడు.